సముద్రంలో తేలే గాలిమరలు.. విశాఖ, కాకినాడ తీరానికి వస్తాయా? అడ్డంకి ఎక్కడుంది?

రాత్రి 8 దాటితే షేక్‌పేట, ఫిల్మ్‌నగర్ అపార్టుమెంట్లలో ఏసీలు ఒక్కొక్కటిగా ఆన్ అవుతాయి. సరిగ్గా ఆ టైమ్‌కి సోలార్ ప్యానెళ్లు పని ఆపేసి ఉంటాయి. పగలు చవగ్గా దొరికే సౌర విద్యుత్‌కి రాత్రి పూట తోడు ఏది? ఈ ప్రశ్నకు యూరప్ దేశాలు చూపిస్తున్న జవాబుల్లో ఒకటి నడిసముద్రంలో తేలే గాలిమరలు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయింది. కాబట్టి కరెంటు ఏ తీరంలో పుట్టినా హైదరాబాద్‌కు రావడానికి దారి ఉంది. మరి వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ మరలు తిరుగుతాయా?

ముందు అసలు ఈ టెక్నాలజీ ఏంటో చూద్దాం. సముద్రంలో మామూలుగా పెట్టే గాలిమరకు అడుగున ఉక్కు స్తంభం దిగ్గొడతారు. నీటి లోతు 60 మీటర్ల వరకు ఈ పద్ధతి గిట్టుబాటు అవుతుంది. అంతకు మించితే స్తంభానికే ఖర్చంతా పోతుంది. అప్పుడు మరను పెద్ద తెప్పలాంటి నిర్మాణం మీద నిలబెట్టి, గొలుసులతో సముద్రం అడుగున లంగరు వేస్తారు. కరెంటు మాత్రం కేబుల్ ద్వారా ఒడ్డుకు వస్తుంది.

2017లో స్కాట్లాండ్ తీరంలో నార్వే కంపెనీ ఈక్వినార్ మొదలుపెట్టిన హైవిండ్ ఇందులో తొలి విండ్‌ఫామ్. 6 మెగావాట్ల మరలు 5, మొత్తం 30 మెగావాట్లు. ఒక్కో మర అడుగు నుంచి రెక్క కొస దాకా 253 మీటర్లు. అందులో 78 మీటర్లు నీటి కిందే! అడుగున బరువు నింపిన పొడవాటి సిలిండర్ ఉంటుంది. కొట్టినా మళ్లీ లేచి నిలబడే బొమ్మ గుర్తుందా? అదే సూత్రం. మొదటి ఐదేళ్లలో ఇది తన సామర్థ్యంలో సగటున 54 శాతం కరెంటు ఇచ్చింది. గాలికి ఇది చాలా పెద్ద నంబరే.

ఇక మన తీరం సంగతి. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో చాలా దూరం వరకు లోతు తక్కువ. అక్కడ స్తంభాలు దించొచ్చు. మన దగ్గర అలా కాదు. గోదావరి ముఖద్వారం దాటగానే సముద్రం అడుగు త్వరగా జారిపోతుంది. విశాఖ తీరంలోనూ లోతట్టు నీరు పెద్ద దూరం కాదు. అంటే ఆంధ్రలో సముద్ర పవన విద్యుత్ పెద్ద ఎత్తున రావాలంటే తేలే మరలే దారి.

లోతైన నీళ్లలో భారీ నిర్మాణాన్ని లంగరు వేసి నిలబెట్టడం మనకు కొత్తేం కాదు. కేజీ బేసిన్‌లో రిలయన్స్ 2008లోనే ధీరూభాయ్-1 అనే తేలే నౌక నుంచి చమురు తీసింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కూడా కాకినాడకు ఎదురుగా ఉన్న 98/2 బ్లాక్‌లో చమురు ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడా లంగరేసిన నౌకే ఆధారం. సముద్రం అడుగున పైపులు, గొలుసులు, వాటిని చూసుకునే పడవలు, మనుషులు కాకినాడకు అలవాటైన పనులే. తేలే గాలిమరకు కావాల్సిన అనుభవంలో సగం ఇక్కడ ఉన్నట్టే.

తయారీ మాటకొస్తే, విశాఖ పోర్టులో హైవిండ్ తరహా సిలిండర్ నిలబెట్టడం కుదరదు. దానికి నార్వే ఫియోర్డుల్లాంటి లోతు కావాలి. ఇక్కడ ఔటర్ హార్బర్‌లో, పక్కనే గంగవరంలో లోతు 20 మీటర్ల చుట్టుపక్కలే. కానీ పోర్చుగల్‌లో 2020లో పూర్తయిన విండ్‌ఫ్లోట్ అట్లాంటిక్ పద్ధతి వేరు. మూడు మూలల్లో మూడు డ్రమ్ముల్లాంటి స్తంభాలు, నీటిలో మునిగేది తక్కువ. రేవులోనే మర బిగించి, టగ్‌లతో సముద్రంలోకి లాక్కెళ్లారు. హిందుస్థాన్ షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్ ఒకే ఊళ్లో ఉన్న విశాఖకు ఇలాంటిదే సరిపోతుంది.

ఇంత వరకు బాగానే ఉంది. చిక్కంతా గాలి దగ్గరే!

పవన విద్యుత్ గాలి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 10 మీటర్ల గాలిలో ఉండే శక్తితో పోలిస్తే 7 మీటర్ల గాలిలో ఉండేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కన్యాకుమారి వైపు తమిళనాడు సముద్రంలో వీచే గాలి మన తీరంలో లేదు. అందుకే కేంద్రం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం తెచ్చినప్పటి నుంచీ చూపు గుజరాత్, తమిళనాడు మీదే. 2024 జూన్‌లో కేబినెట్ ఓకే చేసిన 7,453 కోట్ల రూపాయల సాయం కూడా ఆ రెండు రాష్ట్రాల్లో చెరో 500 మెగావాట్లకు, రేవుల పనులకు. ఆంధ్ర పేరు అందులో లేదు. ఇది వివక్ష అనడం కంటే గాలి లెక్క అనడమే న్యాయం.

రెండోది తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వరకు వెళ్లింది. గట్టి గాలుల కోసం చేసే క్లాస్-1 మరలను 10 నిమిషాల సగటున గంటకు 180 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా డిజైన్ చేస్తారు. తుపాను ప్రాంతాల కోసం అంతకంటే గట్టి రకం, 205 కిలోమీటర్లకు సరిపోయేది ఉంది. చైనా 2021లో అలాంటి తేలే మర పెట్టింది. అంటే పని అవుతుంది, ధర పెరుగుతుంది.

ధర అంటే ఎంత? బ్రిటన్‌లో 2024 వేలంలో 400 మెగావాట్ల గ్రీన్‌వోల్ట్ తేలే ప్రాజెక్టుకు మెగావాట్ అవర్‌కు 139.93 పౌండ్లు ఖరారైంది. అదీ 2012 ధరల్లో. మన లెక్కలో యూనిట్ సుమారు 15 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ 2021లో సెకీతో సౌర విద్యుత్‌కు ఒప్పుకున్న రేటు 2 రూపాయల 49 పైసలు. మధ్యలో తేడా ఎవరు భరించాలి? అనంతపురం, కర్నూలు కొండల మీది మరల రేట్లే ఎక్కువని 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందాలు తిరగదోడబోయింది. ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లి, 2022లో కంపెనీల వైపు తీర్పు వచ్చింది. ఆ రేట్లే భారమైతే 15 రూపాయల కరెంటు కొనే డిస్కం ఎక్కడుంటుంది?

రిపేర్ల ఖర్చు వేరే. 2024లో హైవిండ్ మరలు ఐదింటినీ బేరింగులు మార్చడానికి నార్వేకి లాక్కెళ్లాల్సి వచ్చింది. జపాన్ అయితే ఫుకుషిమా దగ్గర పెట్టిన తేలే మరలను గిట్టుబాటు కాక తీసేసింది.

మత్స్యకారుల మాట అసలే మర్చిపోకూడదు. లంగరు గొలుసులు మర చుట్టూ వందల మీటర్లు పరుచుకుంటాయి. ఆ పరిధిలో మరబోట్ల వలలు దించడం కుదరదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఎలాగూ బంద్. మిగిలిన రోజుల్లో ఇంకొంత సముద్రం తగ్గితే? కేజీ బేసిన్‌లో జీఎస్‌పీసీ తవ్వకాలతో ఉపాధి పోయిన కోనసీమ మత్స్యకార కుటుంబాలకు ఆ పరిహారం చేతికొచ్చింది 2019 నవంబర్‌లో, ముమ్మిడివరం సభలో. అప్పటిదాకా ఏళ్ల తరబడి తిరిగారు. గాలిమరల విషయంలో పరిహారం ముందే తేల్చకపోతే మొదటి లంగరు దిగకముందే ఉద్యమం మొదలవుతుంది.

దేశం మొత్తం మీద తేలే మరలకు 83 గిగావాట్ల వరకు అవకాశం ఉందని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో మన తీరం వాటా ఎంతో మాటలతో తేలదు. నడిసముద్రంలో లైడార్ పరికరం పెట్టి ఏడాదంతా గాలి కొలవాలి. గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర 2017లో చేసింది అదే. విశాఖ, కాకినాడకు ఇప్పుడు కావాల్సింది శంకుస్థాపన కాదు, ఆ కొలత.