భ్రాంతినాటకమున ఆంగికహాస్యము: ఓరుగల్లు సంప్రదాయ దృష్టి

షేక్స్పియరు నాటకములు మన విద్యార్థులకు చాలవరకు పాఠ్యగ్రంథములుగనే పరిచితములు. పుటలలో చదువువారికి హాస్యము మాటలయందే గోచరించును. దెబ్బలు, పరుగులు, తలుపుతట్టుటలు రంగసూచనలుగా మిగిలిపోవును. ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ విషయమున ఈ దృష్టి చాలదు. అందు శరీరమే ప్రధాన హాస్యసాధనమనియు, తెలుగున దానిని ప్రదర్శింపదలచినవారికి కావలసిన ఆంగికసామగ్రి ఓరుగల్లు సీమ సాహిత్యమునందును కళలయందును కలదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

షేక్స్పియరు నాటకములలో నిది మిక్కిలి చిన్నది. 1594 డిసెంబరు 28వ తేదీ రాత్రి లండనులోని గ్రేస్ ఇన్ అను న్యాయవిద్యాశాలలో ప్రదర్శింపబడినది. దీనికి మూలము రోమను కవి ప్లాటసు రచించిన ‘మెనెక్మై’. మూలమున కవలజంట యొకటే. షేక్స్పియరు ఇద్దరు ఆంటిఫోలసులకు తోడుగా ఇద్దరు డ్రోమియోలను, అనగా సేవకులగు మఱియొక కవలజంటను చేర్చెను. ఈ చేర్పువలన పొరపాట్లు రెట్టింపైనవి. ప్రతి పొరపాటునకు ఒక దెబ్బయు తోడైనది. సొమ్మేదని అడుగు యజమానికి భోజనమునకు రమ్మని పిలుచు వేఱొక సేవకుడు ఎదురగును. యజమాని పొరబడును, సేవకుడు దెబ్బలు తినును.

భారతీయభాషలు ఈ కథను త్వరగనే ఆదరించినవి. 1869లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు దీనిని ‘భ్రాంతివిలాసము’ పేర వంగభాషలో గద్యకథగా వ్రాసెను. తెలుగున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘చమత్కార రత్నావళి’గా అనుసరించి, 1880లో రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే ఆడించిరి. ఆధునిక తెలుగు నాటకప్రదర్శన తొలియడుగులలోనే ఈ నాటకము కలదన్నమాట. తరువాతికాలమున పద్యనాటకము బలపడి నటుని కంఠమునకు ప్రాధాన్యము హెచ్చినది, దేహము వెనుకబడినది. శ్లేషలు భాష మారినంతనే చాలవరకు నశించును. కాలుజారుట, తలుపు మూయబడుట, ఒకరికి బదులొకరు దెబ్బతినుట ఏ భాషయందైనను నిలుచును. కావున ఆంగికహాస్యమును అనువాదమున పోయినదానిని పూరించు సాధనముగా గ్రహింపవలెను.

పాశ్చాత్యరంగమున ఇట్టి ప్రయోగములు ప్రసిద్ధములు. 1970లో పీటర్ బ్రూక్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను తెల్లని పెట్టెవంటి రంగముపై, వ్రేలాడు ఊయలలతోను, పళ్ళెములు త్రిప్పు సర్కసు విద్యలతోను ప్రదర్శించెను. 1983లో షికాగోలోని గుడ్‌మన్ థియేటరునందు, తిరిగి 1987లో న్యూయార్కులోని లింకన్ సెంటరునందు, రాబర్ట్ వుడ్రఫ్ దర్శకత్వమున ఫ్లయింగ్ కారమజోవ్ బ్రదర్స్ అను గారడీబృందమువారు ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ఆడిరి. వారి ఎఫెసస్ పట్టణము వస్తువులను ఎగురవేసి పట్టువారితో నిండినది. దీనికి మూలమునందే ఆధారము కలదు. మొదటి అంకమున పరదేశియగు ఆంటిఫోలసు, ఈ పట్టణము కన్నులను మోసగించు గారడీవారితో నిండినదని విని భయపడుచున్నాడు.

ఇట్టి పట్టణము తెలుగు సాహిత్యమునకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామము’ను చూడుడు. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక్కదినమున ఓరుగల్లు వీథులన్నియు తిరుగుదురు. షేక్స్పియరు నాటకమును ఒక్క పట్టణమున ఒక్క దినమున ముగియును. ఓరుగల్లు వీథులలో వారికి కోడిపందెములు, పాములాటలు, మైలారదేవుని భక్తులగు గొరగల సాహసములు, దేహమును వెనుకకు వంచి గొరగపడుచు చేయు విన్యాసము కనబడును. అది వీథి యను రూపకభేదము. వీథ్యంగములు పదుమూడింటిలో ‘వాక్కేళి’ యొకటి. అది హాస్యయుతమైన ఉక్తిప్రత్యుక్తి. రెండవ అంకమున ఆంటిఫోలసు డ్రోమియోల సంభాషణము సరిగా నీ కోవలోనిదే.

శాస్త్రాధారములును కొఱత లేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 13వ శతాబ్ది నడుమ రచించిన ‘నృత్తరత్నావళి’ దేశినృత్తమున ఉత్ప్లుతికరణములను, అనగా ఎగిరి చేయు కరణములను, భ్రమరులను వివరించినది. ఆ శతాబ్దినాటిదే యగు శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరము’ పేరణి అంగములలో ఎగురు కరణములతో కూడిన ‘విషమము’ను, వికటరూపముల అనుకరణమగు ‘భావాశ్రయము’ను చెప్పినది. ఎగురుటయు నవ్వించుటయు ఒకే నర్తకుని విద్యలైనవని దీనివలన తెలియుచున్నది. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్యచరిత్ర’ పర్వతప్రకరణమున శివరాత్రి యాత్రలోని దొమ్మరుల ఆటలను వర్ణించెను.

ఈ సామగ్రిని నాటకమున ఎచ్చట నిలుపవలెను? మూడు సందర్భములు ముఖ్యములు. రెండవ అంకమున యజమానియు యజమానురాలును చెరియొకవైపునుండి తన్నుచుండగా ఎఫెసస్ డ్రోమియో తానొక బంతినైతినని వాపోవును. నటుడు పిల్లిమొగ్గలతో నిజముగా బంతియై దొర్లవచ్చును. మూడవ అంకమున సొంతయింటి తలుపే యజమానికి మూయబడును. లోపలివారు బయటివారికి కనబడరాదు, ప్రేక్షకులకు మాత్రము ఇరువురును కనబడవలెను. నిలువుగడయొకటి నాటి దానికి ఇరుప్రక్కల నటులు ఎగబ్రాకినచో ఈ చిక్కు తీరును. నాలుగవ అంకమున డ్రోమియో, ధనమేదని అడిగిన యజమానికి త్రాడు అందించి ఆ త్రాడుతోనే దెబ్బలు తినును. ఆ త్రాటినే బిగించి నేలకు జానెడెత్తున నడిపింపవచ్చును. మూడింటను విన్యాసము కథను నడుపుచున్నది. కథ ఆగి విద్య ప్రదర్శింపబడినచో అది సంతలోని ఆటయగును.

ఇంతకంటె గురుతరమైన చిక్కొకటి కలదు. పుట్టినది మొదలు సేవచేసి దెబ్బలు తప్ప వేఱు ఫలమెఱుగనని డ్రోమియో నాలుగవ అంకమున చెప్పును. సేవకుని కొట్టుట నిజజీవితమున చూచిన ప్రేక్షకులకు ఈ హాస్యము చేదగును. అంగవిద్య ఇచ్చట ఉపకరించును. దెబ్బ తగులకముందే సేవకుడు ఎగిరి తప్పుకొన్నచో, యజమాని కఱ్ఱ గాలిని కొట్టినచో, నవ్వు బలవంతుని పరముగా మరలును. మూడవ అంకమున వంటకత్తె దేహమును భూగోళముతో పోల్చి పరిహసించు భాగమును మాత్రము ఏ విన్యాసమును కాపాడజాలదు. దానిని కుదించుట మేలు.

ఈ విద్య ఎవరిది అను ప్రశ్నయు తప్పించుకొనరానిది. గడనెక్కుట, త్రాటిపై నడచుట దొమ్మరుల కులవిద్య. ఆటపాటలతో రాత్రియంతయు ప్రేక్షకులను నిలుపుట చిందు కళాకారుల విద్య. 2024లో పద్మశ్రీ పొందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారు 2016 వరకు వరంగల్ జిల్లాలో నుండిన జనగామ ప్రాంతమువారు. షేక్స్పియరు చదివినవారు ఒకవైపు, ఈ విద్య నేర్చినవారు మఱియొకవైపు ఇంతకాలము వేఱుపడి యుండిరి. ప్రదర్శనకు పూనుకొను శాఖలు ఈ కళాకారులను గురువులుగా పిలిచి, వేతనమును, కరపత్రమున పేరును ఈయవలెను. అట్లు కాక విన్యాసములను చూచి అనుకరించినచో, ప్రమాదమును అన్యాయమును రెండును కలుగును.

పరిశోధకులకు దీనివలన రెండు పనులు ఏర్పడుచున్నవి. జాయపసేనాని చెప్పిన ఉత్ప్లుతికరణములను, నేటికి నిలిచియున్న ఆటగాండ్ర విన్యాసములతో ఒక్కొక్కటిగా పోల్చి పట్టిక సిద్ధపఱుపవలెను. ‘చమత్కార రత్నావళి’ని షేక్స్పియరు మూలముతో దగ్గఱనుంచి, దెబ్బలున్న చోట్ల అనుసరణము ఏమిచేసినదో పరిశీలింపవలెను. నాటకాంతమున ఇద్దరు డ్రోమియోలు ఎవరు ముందు నడువవలెనని వాదులాడి, తుదకు చేయిచేయి పట్టుకొని లోనికి పోవుదురు. దెబ్బలతో నడచిన నాటకమును ఆ సేవకుల సమత్వముతో ముగించిన కవి యుద్దేశము, వారిని ఆడు నటుల దేహములయందే మనకు స్పష్టముగా కనబడగలదు.