తల్లి సంఘం, కూతురి హోదా

అమెరికా దక్షిణ రాష్ట్రాల చిన్న పట్టణాల్లో ఒక కుటుంబం ఏపాటిదో తేల్చుకోవడానికి భూములు, ఇంటిపేరు, వెళ్లే చర్చి చూడడంతో పాటు, ఆ ఇంటి ఆడవారు కాలేజీలో ఏ సొరారిటీలో చేరారో కూడా ఆరా తీసే అలవాటు ఉంది. సొరారిటీ అంటే గ్రీకు అక్షరాల పేరు, చాలాచోట్ల సొంత భవనం, బయటివారికి చెప్పని ఆచారాలు గల విద్యార్థినుల సంఘం. చదువు ముగిసినా సభ్యత్వం జీవితాంతం నిలుస్తుంది. సభ్యురాలి కూతురో, మనుమరాలో, చెల్లెలో అదే సంఘానికి అభ్యర్థిగా వస్తే ఆమెను 'లెగసీ' అంటారు.

ఈ సంఘాల మూలాలు దక్షిణాదిలో లోతుగా ఉన్నాయి. జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ కళాశాలలో 1851లో, 1852లో పుట్టిన రెండు సాహిత్య సంఘాలే తరువాత ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూ అయ్యాయి. 1897–1901 మధ్య వర్జీనియాలోని ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో, పంతులమ్మలను తయారుచేసే పాఠశాలలో మరో నాలుగు పుట్టాయి. బతుకుతెరువు కోసం చదువుకునే అమ్మాయిల మధ్య మొదలైన సంఘాలు కాలక్రమంలో పెద్దింటి గుర్తుగా మారడం విచిత్రమే.

ఆ మార్పుకు కీలకం ఎంపిక పద్ధతిలో ఉంది. 'రష్' అనే ఎంపిక రోజుల్లో విద్యార్థినులే ఓటు వేస్తారు గానీ, అంతకు ముందే అభ్యర్థి సొంత ఊళ్లోని పూర్వ సభ్యురాళ్లు సిఫారసు ఉత్తరాలు రాసే ఆనవాయితీ ఉండేది కనుక, కాలేజీ గడప తొక్కకముందే పిల్లను ఊరు తూచేది. లెగసీకి కొన్ని దశల వరకు ఆహ్వానం పంపడం మర్యాదగా ఉండేదే తప్ప హక్కు కాదు. హక్కు కానిదాన్ని ఊరంతా హక్కుగా భావించినందువల్లే తల్లి సంఘం కూతురిని కాదన్నప్పుడు అది ఇంటికే అవమానమైంది.

తమిళ, కన్నడ, తెలుగు మాటలు కలిసే ధర్మపురి జిల్లాలో, పేరులోనే కన్నడ 'హళ్లి' ఉన్న తుంబలహళ్లి వంటి ఊళ్ల పాఠకులకు ఇలా మర్యాదను హక్కుగా చూడడం కొత్త సంగతేమీ అనిపించదు. తమిళనాడు గుళ్లలో తీర్థం, పరివట్టం, అంటే తలకు చుట్టే దేవుని వస్త్రం, ముందు ఎవరికి అందాలన్న తగాదాలు బ్రిటిష్ కాలంలో మద్రాసు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. వాటికి డబ్బు విలువ లేదు, నలుగురి ఎదుట దక్కడమే విలువ. అయితే గుడి మర్యాద ఎక్కువగా మగవారి వరుసలో సాగితే, సొరారిటీ మర్యాద తల్లి నుంచి కూతురికి నడుస్తుంది. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారినా సంఘం బ్యాడ్జి మారదు.

తల్లి సభ్యురాలైతేనే మెరుగైన అవకాశం అనే ఏర్పాటు, తల్లులకు ప్రవేశమే లేని నల్లజాతి కుటుంబాలను నిషేధపు మాట ఎత్తకుండానే బయట ఉంచింది. నల్లజాతి విద్యార్థినులు వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫాను, 1913లో డెల్టా సిగ్మా థీటాను స్థాపించుకోగా, వాటిలోనూ తల్లీకూతుళ్ల పరంపరలు ఏర్పడ్డాయి. అలబామా విశ్వవిద్యాలయంలో నల్లజాతి అభ్యర్థులను పూర్వ సభ్యురాళ్లే అడ్డుకున్నారని విద్యార్థినులు చెప్పిన కథనాన్ని 2013 సెప్టెంబరులో అక్కడి విద్యార్థి పత్రిక 'ద క్రిమ్సన్ వైట్' ప్రచురించాక నిరసనలు చెలరేగాయి, ఆ నెలలోనే కొన్ని సంఘాలు తలుపులు తెరిచాయి. 2020 తరువాత పలు జాతీయ సంఘాలు లెగసీ ప్రాధాన్యాన్ని రద్దు చేశాయి; ఊళ్లోని పరిచయాల బలాన్ని మాత్రం ఏ తీర్మానమూ రద్దు చేయలేదు.

సిఫారసు రాయగల అమ్మమ్మలు లేని వలస కుటుంబాల అమ్మాయిలు వేరే దారి వెతుక్కున్నారు. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థినులు 1998లో టెక్సస్‌లోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగాను స్థాపించారు. ఆ తరం వారి పిల్లలు కాలేజీ మెట్లెక్కే వయసుకు వస్తున్నందున, లెగసీ అనే మాట ఇక వారి ఇళ్లలోనూ వినిపించవచ్చు.