ఇర్వింగ్‌ను వెలివేయించిన ప్రశ్న

1833 మార్చిలో స్కాట్లండ్‌లోని అనన్ ఊళ్లో, తాను బాప్తిస్మం పొందిన గుడిలోనే ఎడ్వర్డ్ ఇర్వింగ్ పాదిరి పదవి పోయింది. పదేళ్ల ముందు ఆయన ప్రసంగం వినడానికి లండన్ పెద్దమనుషులు ఎగబడేవారు. ఇప్పుడాయన మీద మోపిన నేరం, క్రీస్తు మానవ స్వభావం పాపభూయిష్టమని బోధించడం.

ఇర్వింగ్ చెప్పింది ఇదీ: యేసు మరియ గర్భంలో ధరించిన దేహం ఆదాము పతనం తర్వాత మనందరికీ సంక్రమించినదే. పరిశుద్ధాత్మ బలంతో దాన్ని అనుక్షణం జయించాడు కనుక ఆయన ఒక్క పాపమూ చేయలేదు. ఎదుటివారి భయం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. లోపల చెడువైపు మొగ్గు ఉండటమే పాపమైతే, ఆయన నిర్దోషమైన గొర్రెపిల్ల ఎలా అవుతాడు?

నాలుగో శతాబ్దంలోనే వేదాంతి నజియాంజస్ గ్రెగరీ, క్రీస్తు తనదిగా స్వీకరించనిది స్వస్థపడలేదని రాశాడు. క్రీస్తుకు మనిషి మనసు లేదన్న అపొల్లినారిస్‌కు అది జవాబు. మన పతన స్వభావం బాగుపడాలంటే క్రీస్తు దాన్నే ధరించి ఉండాలని ఇర్వింగ్ దారిలో ఆలోచించేవారికి అదే పెద్ద ఆసరా. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతి కార్ల్ బార్త్ కూడా ఇటే నిలిచాడు.

నేను సండేస్కూల్లో పాఠం చెబుతాను. హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయంలో, యేసు మనలాగే శోధింపబడ్డాడన్న మాటకు వచ్చినప్పుడు పిల్లలు అడుగుతారు: "యేసయ్యకి నిజంగా తప్పు చేయాలనిపించిందా టీచర్?" శోధన ఉత్తుత్తిది కాదని చెబుతాను. గెత్సేమనేలో ఆయన పడిన వేదన చదివాక ఇంకో జవాబు నా నోట రాదు.

అడ్వెంటిస్టు క్రైస్తవుల్లో 1957 నాటి ఒక పుస్తకంతో క్రీస్తు మానవ స్వభావం గురించిన ఇదే తగవు మళ్లీ రేగింది, ఇంకా తెగలేదు.