ఏడు చుక్కలు, నాలుగొచ్చేదాకా

సమబాహు త్రిభుజం గీయమంటే పిల్లలు అరవై దగ్గరే బోల్తా పడతారు. చిక్కబళ్ళాపురం జిల్లా బాగేపల్లిలో నేను పిల్లలకు కోడింగ్ నేర్పే ఆ శనివారమూ అంతే. ఏడో తరగతి పిల్ల తెరమీది పిల్లిబొమ్మకు పని పురమాయించింది: వంద అడుగులు నడువు, అరవై డిగ్రీలు కుడికి తిరుగు, ఇట్లా మూడుసార్లు. పిల్లి చెప్పింది చెప్పినట్టే చేసింది. త్రిభుజం మాత్రం రాలేదు, సగం తెగిన తేనెపట్టు గది లాంటిదేదో వచ్చింది.

"పుస్తకంలో అరవయ్యే ఉంది గదా సార్!"

ఉంది, లోపలి కోణం. నేనేమీ చెప్పకుండా వరండాలో సుద్దముక్కతో పెద్ద త్రిభుజం గీసి, "పిల్లివి నువ్వే, గీతమీద నడువు" అన్నాను. మొదటి మూల దాకా వచ్చి, ఒళ్ళు తిప్పుకోబోయి ఆగింది. "అరవై చాలదు సార్, శానా తిరగల్ల." 180లో 60 తీసేస్తే 120. లోపలికి పరిగెత్తి అంకె మార్చింది. లెక్కల పీరియడులో నెలరోజులు చెప్పినా తలకెక్కని బయటి కోణం, నాలుగడుగులు నడిస్తే కాళ్ళకు తెలిసింది.

ఈ కిటుకు నాది కాదు. 1967లో అమెరికాలో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికో తాబేలు తోడైంది. మొదట అది నేలమీద పాకుతూ కలంతో గీసే యంత్రం, ఆనక తెరమీది బొమ్మ. ఫ్రాన్సులో పెరిగే పిల్లలకు ఫ్రెంచి వచ్చినట్టే లెక్కలూ రావాలంటే, లెక్కలే మాట్లాడుకునే ఊరొకటి కావాలన్నది పాపర్ట్ వాదం. అది అర్థం కావడానికి మాకు ఫ్రాన్సు దాకా ఎందుకు? బాగేపల్లి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బస్టాండులో రెండూ కలగలుపు. వాళ్ళకెవరు విభక్తులు వల్లెవేయించారు?

మా పిల్లిబొమ్మ ఉండే స్క్రాచ్ అనే భాష కూడా ఆ తాబేలు వంశంలోదే. మిచెల్ రెస్నిక్ బృందం ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో తయారుచేసి 2007లో అందరికీ ఇచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. మా పల్లెల్లో అదే పెద్ద వరం. ఆదేశాలు రంగురంగుల దిమ్మెలుగా ఉంటాయి, ఒకదాని కిందొకటి తగిలించడమే. అక్షరం తప్పు రాశామన్న భయం లేదు. తప్పంటూ చేస్తే ఆలోచనలోనే చెయ్యాలి.

మా జిల్లాలోనే చింతామణిలో ఒక పిల్లవాడు టమోటాల ఆట కట్టాడు. పైనుంచి కాయలు పడుతుంటాయి, కింద గంపతో పట్టుకోవాలి. స్క్రాచ్ తెర 480 వెడల్పు, 360 ఎత్తు, నడిమధ్య సున్నా. ఎడమకు పోయినా కిందికి పోయినా అంకె మైనస్ అవుతుంది. మైనస్ అంకెలంటే జడిసేవాడే, గంప ఎటు పోతోందో చూస్తూ చూస్తూ వాటిని మచ్చిక చేసుకున్నాడు. చిక్కు స్కోరు దగ్గర వచ్చింది. ఒక్క కాయ పడితే ఇరవై పైచిలుకు మార్కులు!

కారణం చిన్నదే. "కాయ గంపకు తగిలిందా?" అని కంప్యూటర్ సెకనుకు దాదాపు 30 సార్లు చూసుకుంటుంది. కాయ గంపలో ఉన్నంతసేపూ అవుననే జవాబు, ప్రతి అవునుకూ ఒక మార్కు. మార్కు వేసిన మరుక్షణం కాయను పైకి పంపేస్తే సరి. ఇది కనిపెట్టడానికి వాడికి గంటన్నర పట్టింది. నోటిదాకా వచ్చిన జవాబును మింగుకోవడం నాకు అంతకన్నా కష్టమైంది.

మర్నాడు ఆట మారిపోయింది. స్కోరు స్థానంలో రూపాయలు. కాయలు ఎక్కువ పట్టేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గిపోతోంది. ఇదేమిట్రా అంటే, "మండీకి కాయ శానా వస్తే రేటు పడిపోవల్ల గదా సార్" అన్నాడు. వాళ్ళ నాయనది టమోటా తోట.

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ చెప్పమంది. మంచిదే. ఎనిమిదేళ్ళకే యాప్ రాసి కోట్లు గడిస్తాడని తల్లిదండ్రులను ఊరించే ప్రకటనలు చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మండీ ధరను ఆటలోకి తెచ్చిన పిల్లవాడు ఏ ప్రకటనకూ పనికిరాడు.

త్రిభుజం పిల్ల తర్వాత ఆరు షడ్భుజాలను ఒకే బిందువు చుట్టూ అరవై అరవై డిగ్రీలు తిప్పి పువ్వు గీసింది. సాయంత్రం పిలుచుకుపోవడానికి వచ్చిన అవ్వకు చూపించింది. అవ్వ కళ్ళు చికిలించి, "చుక్కల్లేకుండా ముగ్గేంది పాపా? ఏడు చుక్కలు, నాలుగొచ్చేదాకా, సందుచుక్క పెట్టు" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. నడిమి వరుసలో ఏడు, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు వచ్చేదాకా పో, ప్రతి చుక్కా పక్క వరుస సందులో పడాలి. ఎన్నిసార్లు చెయ్యాలి, ఎక్కడ ఆపాలి, ఎంత జరగాలి, మూడూ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. నేను జీతానికి రాసే ప్రోగ్రాముల్లో ఇంత పొదుపు లేదు.

పిల్ల మొదట రాసినదాంట్లో వరుసలన్నీ ఎడమవైపు ఒకే గోడకు ఆనుకున్నాయి. అవ్వ తెరమీద వేలు పెట్టి, "సందులో అంటే సందులోనే" అంది. వరుస మారినప్పుడల్లా మొదటి చుక్కను అర సందు కుడికి జరిపితే కుదిరింది. అవ్వ లెక్కపెట్టింది: ముప్పై ఏడు.

"సరే, ఇంక కలుపు" అంది.

పిల్ల నా వైపు చూసింది. చుక్కలు పెట్టడం రెండు లూపుల పని, అంటే ఒకే ఆదేశాన్ని తిప్పి తిప్పి చేయించడమే. వాటి చుట్టూ మెలికలు తిరిగే గీతను కంప్యూటర్‌కు ఎట్లా చెప్పాలో నాకూ తట్టలేదు. మూడు శనివారాలుగా దానిమీదే ఉన్నాం. అవ్వ వచ్చి కూర్చుంటోంది.