చెరువు అంచున సైకిల్ బాటలు: హైదరాబాదు నగర పరిశీలన

సారాంశం:
చెరువుల చుట్టూ వినోదం కోసం నిర్మించే సైకిల్ బాటలు నగర ప్రణాళికలో ఒక భాగమవుతున్నాయి. ఈ బాటలకు చెరువు అంచు ఎందుకు అనువైనదో, ఆ అనుకూలతే చెరువుకు ఎప్పుడు ముప్పుగా మారుతుందో హైదరాబాదు ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చెరువు కట్ట, పూర్తి నీటిమట్టం, శిఖం భూమి, సైకిల్ బాట, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు చెరువుల నగరం. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ ఏర్పడింది. 1908 నాటి మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. సాగునీటికి, తాగునీటికి, వరద నివారణకు ఏర్పడిన ఈ జలాశయాల తీరాలు నేడు విహార స్థలాలు కూడా అయ్యాయి.

2. చెరువు అంచు అనుకూలత:
హైదరాబాదు దక్కను పీఠభూమిపై, గ్రానైటు గుట్టల నడుమ ఉంది. ఇక్కడి రహదారులు తరచుగా ఎక్కుతూ దిగుతూ సాగుతాయి. నిలిచిన నీరు మాత్రం అంతటా ఒకే మట్టంలో ఉంటుంది. కాబట్టి పూర్తి నీటిమట్టం వెంట గీసిన రేఖ సహజంగానే సమతలంగా ఉంటుంది. ఆ రేఖకు సమీపంగా వేసిన బాటపై పిల్లలు, వృద్ధులు, కొత్తగా నేర్చుకునేవారు కూడా ఎక్కువ శ్రమ లేకుండా సైకిలు తొక్కగలరు. బాటకు ఒకవైపు నీరు ఉండటం వల్ల ఆ దిక్కు నుంచి అడ్డుగా వచ్చే వాహనాలు ఉండవు.

అయితే చెరువు చుట్టూ పరిస్థితి ఒకే విధంగా ఉండదు. కట్ట గట్టిది, చదునైనది. కట్టకు ఎదుటి తీరంలో వాగులు, కాలువలు చెరువులో కలుస్తాయి. అక్కడ తగినన్ని కల్వర్టులు లేకుండా మట్టి పోసి బాట వేస్తే చెరువుకు వచ్చే నీరు ఆగుతుంది, ఎగువ కాలనీలు మునుగుతాయి. మత్తడి వద్ద కూడా మిగులు నీరు పోయే దారిని విడిచిపెట్టాలి.

3. హైదరాబాదు అనుభవం:
నగరంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది తాత్కాలికం. 2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాల్లో ట్యాంక్‌బండ్‌పై వాహనాలను ఆపి, ఆ రహదారిని పాదచారులకు, సైకిలు తొక్కేవారికి విడిచిపెట్టారు. దీనికి కొత్త నిర్మాణం అవసరం లేదు.

రెండవది శాశ్వత నిర్మాణం. బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లుగా ఇది రెండు భాగాల్లో ఉంది. 4.5 మీటర్ల వెడల్పు గల ఈ బాటకు 16 మెగావాట్ల సామర్థ్యం గల సౌర ఫలకాలే నీడ. దక్షిణ కొరియాలో డేజాన్, సేజాంగ్ నగరాల మధ్య ఉన్న సౌర పైకప్పు బాట దీనికి ముందున్న నమూనా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఈ మార్గానికి చేరువలోనే ఉన్నా, ఇది రహదారిని అనుసరించే బాటే తప్ప తీరాన్ని అనుసరించేది కాదు. జపానులో బివా సరస్సును చుట్టివచ్చే సుమారు 200 కిలోమీటర్ల మార్గం ఇందుకు భిన్నమైనది. 2019లో జాతీయ సైకిల్ మార్గంగా గుర్తింపు పొందిన ఆ బాటకు సరస్సే కేంద్రం.

4. సరిహద్దు సమస్య:
2012 భవన నిర్మాణ నియమావళి (జి.ఓ. 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల సరిహద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్ల మేర నిర్మాణాలు చేయరాదు. వీలైనచోట తీరం వెంట విహార మార్గాన్ని అభివృద్ధి చేయడానికి అదే నియమావళి అవకాశమిస్తుంది. ఈ రక్షిత మండలంలో బాట వస్తే చెరువు హద్దు ప్రజల కళ్ళెదుట స్థిరపడుతుంది. నిత్యం జనసంచారం ఉన్నచోట రహస్యంగా మట్టి పోయడం కష్టం. అదే బాటను పూర్తి నీటిమట్టానికి లోపల, శిఖం భూమిలో కాంక్రీటుతో వేస్తే ఫలితం తారుమారవుతుంది. బాటే కొత్త హద్దుగా చలామణి అవుతుంది, దాని వెలుపల మిగిలిన శిఖం భూమి ఇంటిస్థలంగా మారే అవకాశం ఏర్పడుతుంది. కాబట్టి బాట వెడల్పు, అందం కంటే అది హద్దు రాయికి ఏవైపు ఉన్నదనేదే ముఖ్యమైన ప్రశ్న.

5. వినియోగదారుల ప్రశ్న:
2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కంటే మనుషుల ప్రయాణానికి ప్రాధాన్యం ఇవ్వాలని పేర్కొంది. వినోద బాటలను ఈ దృష్టితోనూ పరిశీలించాలి. బాట మొదలయ్యే చోటికి ఇంటి నుంచి సైకిలుపై క్షేమంగా చేరుకోలేకపోతే, సైకిలును కారులో తెచ్చుకోగలిగినవారికే అది ఉపయోగపడుతుంది. తెల్లవారుజామున పాలు, పత్రికలు వేసేవారు, పనికి సైకిలుపై వెళ్ళే కూలీలు మాత్రం ప్రధాన రహదారి అంచునే మిగిలిపోతారు. చెరువు బాటను బస్తీలకు, బస్సు, మెట్రో స్టేషన్లకు కలిపినప్పుడే అది ఇరువర్గాలకూ ఉపకరిస్తుంది.

6. ముగింపు:
చెరువు అంచు సైకిల్ బాటకు సహజమైన చదునును ఇస్తుంది. సరైన చోట వేసిన బాట చెరువుకు కాపలాగా నిలుస్తుంది. ఇందుకు పూర్తి నీటిమట్టాన్ని ముందుగా గుర్తించడం, నీటి రాకపోకల దారులను విడిచిపెట్టడం, నీరు ఇంకే ఉపరితలాన్ని ఎంచుకోవడం, బాటను నివాస ప్రాంతాలతో కలపడం అవసరం. ఈ క్రమం తప్పితే విహారం మిగిలి, చెరువు తరిగిపోయే ప్రమాదం ఉంది.