గాలం కట్టెకు మెత్తని పిడి

అనంతపురంలో గాలమా అని నవ్వేవాళ్లుంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ ఇది. కానీ ఊరు పుట్టిందే చెరువుతో. విజయనగర కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడెయరు ఇక్కడ పెద్ద చెరువు కట్టించి ఒకవైపు అనంతసాగరం, ఇంకోవైపు బుక్కరాయసముద్రం వెలయించాడని గెజిటీర్లు చెబుతాయి. ఇప్పుడు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మిడ్ పెన్నార్‌కు చేరినా, హంద్రీ-నీవా మోటార్లు కృష్ణ నీళ్లను జీడిపల్లికి ఎత్తిపోసినా, అటకెక్కిన గాలం కట్టెలు కిందికి దిగుతాయి.

ఆ కట్టెల్లో కొన్ని ఇప్పుడు వెదురువి కావు. గొట్టం ఒకచోట, చక్రం బిగించే సీటు ఒకచోట, తీగ పోయే రింగులు ఇంకోచోట కొని, ఇంట్లో కూర్చుని సొంతంగా రాడ్ కట్టుకునే సరదా మొదలైంది. అందులో చూడ్డానికి అన్నిటికన్నా తేలిక, చేయడానికి అన్నిటికన్నా మొండి పని పిడికి ఫోమ్ తొడగడం.

ఈ ఫోమ్ మనకు కొత్తదేమీ కాదు. పేరు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, పొట్టిగా ఈవీఏ. స్పోర్ట్స్ బూట్ల అడుగుల్లో, తేలికపాటి చెప్పుల్లో మనం రోజూ తొక్కుతున్నది ఇదే. లోపలి గాలి గదులు ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకుని ఉంటాయి. అందుకే నీళ్లు పీల్చదు, తేలుతుంది. పాత చెప్పు ముక్క కోసి గాలానికి బెండుగా కట్టుకునే పిల్లలు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టారు.

ఫోమ్ పిడి రంధ్రం గొట్టం మందం కంటే చిన్నదిగా ఉండాలని మీకు తెలుసా? సరిగ్గా సరిపోయేది కొంటే కొన్నాళ్లకు వదులై తిరుగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు బిగువుగా ఉంటే సాగి కరుచుకుంటుంది. అలాగని మరీ చిన్నది తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే గోడ పలచబడుతుంది, గొట్టం ఎగుడుదిగుళ్లన్నీ పైకి తేలతాయి, చివరికి ఎండకు చీలుతుంది. మధ్యస్థంగా ఉన్నదాన్ని ఎంచడమే అసలు నేర్పు.

గొట్టం కొస సన్నం, మొదలు లావు. కాబట్టి ముందు పిడిని కొస వైపు నుంచి దూర్చి, లావు వైపుకు దించుతారు. దీనివల్ల ఇంకో నియమం పుట్టింది: పిడి పని ముగిసేదాకా రింగులు కట్టకూడదు. తొందరపడి రింగులు ముందే కట్టినవాడు వాటిని మళ్లీ విప్పాల్సిందే.

అన్నిటికన్నా నాకు నచ్చిన విశేషం ఇది. ఫోమ్‌ను ముందు నుంచి పట్టి లాగితే రాదు. లాగినకొద్దీ పొడవు సాగి, లోపలి రంధ్రం ఇరుకై, గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వెనక నుంచి నెట్టాలి. నెడితే కురచబడి, రంధ్రం విచ్చుకుని జారుతుంది. చేతి బలం చాలకపోతే చెక్కపలకకు గొట్టం పట్టేంత రంధ్రం చేసి, ఆ పలకతో నెట్టుకుంటూ పోతారు. ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది, ఫోమ్ మడత పడదు.

క్రికెట్ ఆడేవాళ్లకు ఇందులో కొత్త లేదు. బ్యాటు పిడికి రబ్బరు గ్రిప్ ఎక్కించేటప్పుడు వచ్చే చిక్కూ ఇదే, దానికోసమే శంకువు లాంటి కోన్ ఉంటుంది. ఆర్డీటీ క్రికెట్ మైదానం ఉన్న అనంతపురంలో, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చూసిన ఊళ్లో, బ్యాటుకు గ్రిప్ వేయడం తెలిసిన చేతులకు కొదవేముంది? అలాంటి చేతుల్లో ఒక జతను మంచి చేసుకుంటే సగం పని అయినట్టే.

జారడానికి సబ్బునీళ్లు రాస్తే? సైకిల్ హ్యాండిల్‌కు చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. రెండు డబ్బాల ఎపాక్సీ జిగురే ఇక్కడ నూనె, అదే అంటు. తడిగా ఉన్నంతసేపు జారుస్తుంది, ఆరాక పట్టేస్తుంది. నెట్టేకొద్దీ జిగురు ముందుకు పేరుకుంటుంది కాబట్టి గొట్టానికి ముందే టేపు చుట్టి, ఒలికినదాన్ని స్పిరిట్ గుడ్డతో అప్పటికప్పుడే తుడిచేయాలి. ఆరాక తుడుద్దామంటే బ్లేడే గతి.

ఇక్కడే మన ఎండ అడ్డం పడుతుంది. వేడి పెరిగితే ఎపాక్సీ పలచబడుతుంది, గట్టిపడటమూ వేగమవుతుంది. పది డిగ్రీలు పెరిగితే గడువు సుమారు సగానికి పడిపోతుందని ఒక మోటు లెక్క. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో ఐదు నిమిషాల జిగురు కలిపితే పిడి సగం దూరంలోనే ఆగిపోతుంది, వెనక్కీ రాదు, ముందుకీ పోదు. నిదానంగా ఆరే రకం తెచ్చుకుని తెల్లవారుజామున కూర్చోవడం మేలు. కట్టిన రాడ్‌ను కారులో ఎండకు వదలడమూ మంచిది కాదు. ఈవీఏ వేడికి మెత్తబడి ముడుచుకుంటుంది.

ఫోమ్ రాకముందు పిడి అంటే కార్కు. పోర్చుగల్‌లో పెరిగే ఓక్ చెట్టు బెరడు అది. చెట్టుకు పాతికేళ్లు వచ్చాకే మొదటి ఒలుపు, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి. తడి చేతికి ఫోమ్ కంటే కార్కే బాగా ఆనుతుందని నా అభిప్రాయం. కానీ నాలుగైదు నెలలే నీళ్లుండే చెరువుల కోసం అంత ఖరీదైన బెరడు ఎందుకు?

కట్టె కథ ఇంకా తమాషా. 19వ శతాబ్దపు అమెరికాలో వెదురును చీల్చి, ముక్కలు అతికి రాడ్లు చేసేవాళ్లు మొదట వాడింది చైనా వెదురు కాదు, మన దేశం నుంచి వెళ్లిన ‘కలకత్తా’ వెదురు. తర్వాత చైనా టోంకిన్ వెదురు దాన్ని వెనక్కి నెట్టింది. 1950లో అమెరికా చైనా వ్యాపారంపై ఆంక్షలు పెట్టేసరికి టోంకిన్ కూడా ఆగి, గ్లాసు పీచు రాడ్లకు దారి దొరికింది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ పీచు రాడ్లను అమ్మకానికి తెచ్చింది. ఒక హెచ్చరిక: కార్బన్ పీచు కరెంటును పోనిస్తుంది. పొలం గట్టున కిందికి వేలాడే తీగల దగ్గర రాడ్ ఎత్తితే ఫోమ్ పిడి కాపాడుతుందని అనుకోవద్దు.

గాలం వేట మన నేలకు దొరల కానుకేమీ కాదు. ఈ ప్రాంతాన్నీ ఏలిన పశ్చిమ చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేపకు ఏ మేత వేయాలో రాజుగారు ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఏడు వందల ఏళ్ల తర్వాత మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ మన దేశపు చెరువుల్లో గాలం వేట మీద విడిగా ఒక పుస్తకమే వేశాడు.

ఇంతకూ అన్ని హంగులతో కట్టిన రాడ్ ఎవరి కోసం? చాలామంది మనసులో ఉండేది కొరమీను. పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప అది. చెరువు ఎండుతుంటే బురదలో దూరి తడి మిగిలినన్నాళ్లు బతికేస్తుంది. అప్పుడు దాని కోసం వెళ్లేవాడికి పార చాలు, ఆ పార పిడికి ఫోమ్ తొడిగినవాణ్ని నేనింకా చూడలేదు.