ఒకే లెన్స్‌తో కాపురం

"ఫోన్‌లో అంత మంచి కెమెరా ఉండగా మళ్లీ ఇదెందుకు? పైగా దీనికి జూమ్ కూడా లేదంటున్నావు!"

మావారి ప్రశ్నలో అన్యాయమేమీ లేదు లెండి. చూడబోతే చేతిలో ఇమిడే చిన్న కెమెరా. ముందు ఒకటే లెన్స్. అది ఊడిరాదు, ఇంకోటి తగిలించడానికి వీల్లేదు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగదు. కొత్తది కొనాలంటే లక్ష రూపాయలకి తక్కువలో దొరకడం కష్టం. అంత డబ్బు బంగారం మీద పెడితే ఎప్పటికైనా అక్కరకొస్తుంది కదా అని మా అత్తయ్యగారు పూజగదిలోంచే సలహా పారేశారు.

అయినా ఈ బుల్లి కెమెరాల మీద మోజు తగ్గలేదు. ఫ్యూజీఫిల్మ్ వాళ్ల ఎక్స్100 సిక్స్ 2024 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు చాలా దేశాల్లో జనం డబ్బు చేత్తో పట్టుకుని నెలల తరబడి ఎదురుచూశారు. ఫోన్లు వచ్చాక మామూలు చిన్న కెమెరాలన్నీ అల్మరాల్లోకి చేరిపోయాయి గానీ, ఈ ఖరీదైన రకం మాత్రం బతికి బట్టకట్టింది.

నేను ఈ వెదుకులాటలో పడడానికి కారణం మా పుట్టిల్లు. కిందటి దసరాకి వెళ్లినప్పుడు తమ్ముడు మెల్లిగా చెప్పాడు, వేసవిలో పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకి ఇచ్చేస్తున్నామని. కాదనడానికి నాకు హక్కూ లేదు, కారణమూ లేదు. వానొస్తే మూడు గదుల్లో గిన్నెలు పెట్టాలి. అమ్మ ఒక్కతీ ఎన్నాళ్లని వేగుతుంది? సరే, పోయేలోపు ఆ ఇంటినీ, ఆ ఇంట్లో అమ్మనీ ఫోటోలు తీసుకుందామని ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. అక్కడ వెలుతురు ఒక్క కిటికీలోంచే. ఫోన్ తన తెలివినంతా వాడి గదిని తెల్లగా వెలిగించేసింది, అమ్మ ముఖంలో ముడతల్ని అడక్కుండానే నున్నగా చేసేసింది. ఫోటో చూస్తే మా అమ్మలానే ఉంది, మా అమ్మ కాదు.

ఇక్కడే ఈ కెమెరాలు వేరు. వీటిలో చాలావాటి సెన్సర్, అంటే వెలుతురుని పట్టుకునే పలక, సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఫోన్‌లో ఉండేదానికి ఎన్నో రెట్లు. లెన్స్ మార్చే పని లేదు కాబట్టి ఆ ఒక్క సెన్సర్ కోసమే కొలతలిచ్చి కుట్టించిన జాకెట్టులా లెన్స్‌ని తయారుచేస్తారు. అందుకే కెమెరా చిన్నగానూ ఉంటుంది, బొమ్మ స్ఫుటంగానూ వస్తుంది. జర్మనీ లైకా వాళ్ల క్యూ వరుస కెమెరాల్లోనైతే ఇంకా పెద్దది, పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉంటుంది. దాని జోలికి మనం వెళ్లద్దు. క్యూ3 ధర 2023లో విడుదలైనప్పుడే అమెరికాలో 5,995 డాలర్లు!

ఒక్క లెన్స్ చాలదేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు. దేశం మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న హోమాయి వ్యారవాలా చేతిలో ఉండే రోలీఫ్లెక్స్ కూడా లెన్స్ మార్చలేని, జూమ్ లేని కెమెరానే. షికాగోలో పరాయి పిల్లల్ని పెంచుతూ బతికిన వివియన్ మేయర్ కూడా 1950లలో రోలీఫ్లెక్సే కొనుక్కుంది. లక్షకు పైగా ఫోటోలు తీసి ఎవరికీ చూపించకుండా దాచుకుంది. 2007లో ఆమె సామాను వేలంలో అమ్ముడయ్యాకే అవి లోకానికి తెలిశాయి. ఆయాగా పనిచేస్తూ అన్ని ఫోటోలు! మనం ఊరికే తీరిక లేదంటాం.

28, 35, 40... ఏమిటీ అంకెలు?

అసలు చిక్కు కొనాలా వద్దా అని కాదు, ఏ అంకెది కొనాలని. పదో తరగతిలో నాభ్యంతరం అని బట్టీ పట్టాం గుర్తుందా? ఆ ఫోకల్ లెంగ్తే ఇది. అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ వెడల్పు చూస్తుంది, పెద్దదైతే తక్కువ. రికో జీఆర్ త్రీది 28, ఎక్స్100 సిక్స్‌ది 35, 2021లో వచ్చిన జీఆర్ త్రీఎక్స్‌ది 40. లెన్స్ మీద మాత్రం 18.3 అనో, 26.1 అనో రాసి ఉంటుంది, కంగారు పడకండి. అంకెల్ని పోల్చుకోవడానికి వీలుగా పాత ఫిల్ము కెమెరాల లెక్కలోకి మార్చి చెబుతారు.

దీన్ని నేను అడుగుల్లోకి మార్చుకున్నాక గానీ బుర్రకెక్కలేదు. మనిషికి పది అడుగుల దూరంలో నిలబడి కెమెరాని అడ్డంగా పట్టుకున్నామనుకోండి. 28 లెన్స్‌లో దాదాపు 13 అడుగుల వెడల్పు పడుతుంది. 35లో పది అడుగుల చిల్లర. అంటే మనం ఎంత దూరంలో ఉంటే దాదాపు అంత వెడల్పు, గుర్తుపెట్టుకోవడం తేలిక. 40లో తొమ్మిది అడుగులు. 50లో ఏడుంపావు. పదిమంది వరసగా నిలబడే పెళ్లిఫోటో ఇరుకు హాల్లో 50తో తీయాలంటే గోడ పగలగొట్టుకుని వెనక్కి వెళ్లాలి.

మరైతే 28 కొనేస్తే సరి కదా! ఎక్కువైతే అంచులు కత్తిరించుకోవచ్చు. గుడ్డ మిగిలితే పరవాలేదు, చాలకపోతేనే అతుకు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అంత డబ్బు పోసే ముందు ఓసారి చేత్తో పట్టుకుని చూద్దామని కెమెరాలు అద్దెకిచ్చే షాపులో 28ది రెండు రోజులకి తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. (పెళ్లి ఫోటోగ్రాఫర్ల పుణ్యమా అని పెద్ద ఊళ్లలో ఇలాంటి షాపులున్నాయి. ఆధార్ కార్డు, అడ్వాన్సు సిద్ధం చేసుకోండి.)

వంటింటి గుమ్మంలో నిలబడి నొక్కాను. అబ్బ! రోలు, ఉట్టి, పొగచూరిన దూలం, అలమరలో పప్పుల డబ్బాలు, అన్నీ వచ్చాయి. అమ్మకి చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని అడిగింది, "ఇందులో నేనెక్కడున్నానే?"

నిజమే. పొయ్యి దగ్గర బొటనవేలంత ఉంది. సరే అని దగ్గరికెళ్లాను. ముఖం ఫ్రేము నిండాలంటే రెండడుగుల లోపలికి వెళ్లాల్సి వచ్చింది. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కిపోతాయి. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. ఎదురుగా ఉన్న ముక్కుకీ, వెనకున్న చెవికీ మధ్య నాలుగంగుళాల తేడా రెండడుగుల దగ్గర పెద్దగా తెలుస్తుంది, ఐదడుగుల దగ్గర కనబడదు. కెమెరా ముఖం మీదికి వచ్చేసరికి అమ్మ కూడా బిగుసుకుపోయింది. పక్కింటావిడ పాస్‌పోర్టు ఫోటో గుర్తొచ్చింది నాకు. పోనీ ఐదడుగుల నుంచే తీసి కత్తిరిస్తే? ముఖం బాగానే ఉంటుంది గానీ ఫోటోలో సగానికి పైగా చెత్తబుట్ట పాలవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫోటోని 50 లెన్స్ చూసేటంత మేరకి కత్తిరిస్తే ఏడున్నర మిగులుతాయి. దానికోసమా ఇంత డబ్బు?

ఆ రాత్రి నిద్రపట్టక పాత ఆల్బములు ముందేసుకున్నాను. నాన్న తీసినవి. ఒక్కో రీలుకి 36 ఫోటోలు, ఒక్కటి పాడైనా ఆయనకి ప్రాణం పోయినంత పనయ్యేది. అన్నింట్లోనూ మేమంతా తల నుంచి కాళ్ల దాకా ఉన్నాం. పాదాలు తెగితే అపశకునమని కాబోలు, పన్నెండడుగుల దూరం నుంచి ఒక్క అంగుళం ముందుకి రాలేదు మనిషి. మా పట్టులంగాల జరీ అంచులు తెలుస్తున్నాయి, అమ్మ ముఖం ఎలా ఉండేదో మాత్రం సరిగ్గా తెలియడం లేదు. ఆ ముప్ఫై ఏళ్ల ముఖం ఇప్పుడు ఎక్కణ్నుంచి తేను?

మీ దగ్గర ఉన్నదేమిటో చూసుకోండి

తిరిగొచ్చాక ఇంకో సంగతి తట్టింది. మనందరి ఫోన్లలో మామూలుగా తెరుచుకునే కెమెరా దాదాపు 24 నుంచి 26. అంటే వెడల్పు చూసే లెన్స్ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది! 28 కొంటే ఉన్న చీర రంగులోనే ఇంకో చీర కొన్నట్టు. గదుల్నీ, అరుగునీ, పెరట్లో జామచెట్టునీ ఫోనే చూసుకుంటుంది. నాకు లేనిది, నాలుగైదు అడుగుల నుంచి మనిషిని మనిషిలా చూసే లెన్స్.

మీకూ ఇలాంటి ఆలోచన ఉంటే షాపుకెళ్లేముందు ఖర్చులేని పని ఒకటి చెప్తాను. ఫోన్‌లో జూమ్‌ని 1.5 దగ్గర పెట్టి నెల్లాళ్లు వేలు తగలనివ్వకండి. అది రమారమి 35. తర్వాత 1.6, 1.7 మధ్య ఇంకో నెల, అది 40. రెండు దగ్గర పెడితే 50. ఏ నెలలో వెనక్కి జరగలేక విసుక్కున్నారో, ఏ నెలలో ముందుకి వెళ్లడానికి సిగ్గుపడ్డారో తెలిసిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుండి, ఎప్పుడూ ఇరుకు గదుల్లోనే తీసేవాళ్లకి 35 హాయి. ఎక్స్100 వరుసకైతే ముందు బిగించుకునే అదనపు లెన్స్‌లు దొరుకుతాయి, ఒకటి 28 చేస్తుంది, ఇంకోటి 50. కాకపోతే జేబులో పట్టే సుఖం పోతుంది. ప్రయాణాలూ గుళ్లూ గోపురాలూ ఇష్టమైతే 28నే తీసుకోండి, నా మాట వినకండి.

నేను 40 వైపు మొగ్గాను. కథలకొచ్చిన పారితోషికాలు, చీటీ డబ్బు కలిపినా కొత్తదానికి చాల్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో జీఆర్ త్రీఎక్స్ తీసుకున్నాను. వాడినది కొనేవాళ్లు తెల్లగోడని ఎఫ్16 దగ్గర పెట్టి ఓ ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నల్లచుక్కలు కనబడితే లోపల దుమ్ము చేరినట్టే. లెన్స్ ఊడిరాదు కాబట్టి మనం తుడవలేం, సర్వీసు సెంటరుకి పంపాల్సిందే. బిల్లు అడిగి తీసుకోండి. దీంట్లో ఫ్లాష్ లేదు, కన్ను ఆనించి చూసే కిటికీ లేదు. బ్యాటరీ సుమారు 200 ఫోటోలకే అయిపోతుంది, రెండోది తప్పదు.

సంక్రాంతికి వెళ్లాను. అరిసెల పాకం పెడుతోంది అమ్మ. కిటికీ పక్క గోడకి వీపు ఆనించి కూర్చున్నాను, అక్కణ్నుంచి ఆవిడకి ఐదడుగులు. చప్పుడు పెద్దగా రాదు ఈ కెమెరాకి. పాకం ముదిరిందో లేదో చూడడానికి నీళ్లపళ్లెంలో ఓ చుక్క వేసి, వేళ్లతో ఉండ చేస్తూ వంగింది. ముడతలన్నీ ఉన్నాయి. వెనకాల ఉట్టి సగమే పడింది, రోలు అసలు రాలేదు.

"ఇది నేనే," అంది చూసి. ఒక్క క్షణం ఆగి, "కాళ్లు రాలేదేమే?" అంది.